అమెరికా పౌరసత్వం వాకిట్లో తెలుగువారి నూటపదేళ్ళు

హైదరాబాదులో, ఉప్పల్ రింగు రోడ్డుకూ నాచారం పారిశ్రామికవాడకూ నడుమనున్న చిల్కానగర్‌లో మూడు తరాల ముచ్చట ఇంచుమించు ప్రతి వీధిలోనూ ఒక్కలాగే వినిపిస్తుంది. తాత నల్లగొండ నుంచో భువనగిరి నుంచో వచ్చి నాచారంలో ఫ్యాక్టరీ కొలువు చూసుకున్నాడు. కొడుకు చదువుకుని బ్యాంకులోనో సర్కారు దఫ్తరులోనో కుదురుకుని నూటయాభై గజాల్లో ఇల్లు కట్టాడు. మనవడో మనవరాలో బీటెక్ ముగించి, ఐ-20 తెప్పించుకుని డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్ళిపోయారు. ఇంట్లో మిగిలిన పెద్దలకు హెచ్-వన్ ఉద్యోగ వీసా లాటరీ ఏ నెలలో తీస్తారో, చదువయ్యాక పనిచేసుకునే ఓపీటీ ఎన్నాళ్ళుంటుందో, గ్రీన్‌కార్డు వరసలో ప్రయారిటీ డేటు ముందుకు జరిగిందో వెనక్కి పోయిందో కంఠతా తెలుసు. పరాయి దేశపు చట్టం ఒకటి ఇంత దూరం నడిచొచ్చి మన సాయంకాలపు కబుర్లలో కుర్చీ వేసుకు కూర్చుంది. అయితే ఆ చట్టం ఎవరిని రానిచ్చింది, ఎవరిని గెంటేసింది, మన పిల్లలు దాటి వెళ్ళిన గడపను వాళ్ళకంటే ముందు ఎవరు ఏ ధర చెల్లించి తెరిపించారు అన్న సంగతి ఆ కబుర్లలో అరుదుగా వస్తుంది. అది తెలుసుకోవాలంటే మన తాతల తరాన్ని దాటి, ఇంకా చాలా వెనక్కి వెళ్ళాలి.

స్వతంత్ర అమెరికా 1790లో చేసుకున్న మొట్టమొదటి పౌరసత్వ చట్టమే, బయటినుంచి వచ్చినవాళ్ళలో బానిసలు కాని తెల్లవాళ్ళు మాత్రమే పౌరులు కావచ్చునని చెప్పింది. ఆ దేశంలోనే పుట్టి, ఆ పొలాల్లోనే పత్తి తీసిన నల్లవాళ్ళ సంగతి ఏమిటన్న ప్రశ్నకు 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు జవాబిచ్చింది. ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవారి సంతతి ఈ దేశ పౌరులు కాజాలరని ప్రధాన న్యాయమూర్తి రోజర్ టేనీ తీర్పు రాశాడు. ఆ తీర్పును కొట్టిపారేయడానికి ఒక అంతర్యుద్ధం కావలసి వచ్చింది. యుద్ధం ముగిశాక 1868లో వచ్చిన పద్నాలుగో రాజ్యాంగ సవరణ, అమెరికా గడ్డ మీద పుట్టి ఆ దేశపు అధికార పరిధిలో ఉన్న ప్రతి మనిషీ పౌరుడేనని, చట్టం అందరికీ సమానంగా రక్షణ ఇవ్వాలని శాసించింది. డాలస్ ఆసుపత్రిలో పుట్టిన మన మనవడికి నీలం రంగు పాస్‌పోర్టు ఇప్పించేది ఆ సవరణే. అది విముక్తులైన బానిసల కోసం రాసుకున్నది. రెండేళ్ళ తర్వాత, 1870లో, పౌరసత్వ చట్టం నుంచి ‘తెల్లవాళ్ళు’ అన్న మాటనే తీసేయమని సెనేటర్ చార్లెస్ సమ్నర్ పట్టుబట్టాడు. సభ ఒప్పుకోలేదు. ఆఫ్రికా సంతతివారిని జాబితాకు చేర్చి ఊరుకుంది. దాంతో తెల్లవాడైనా కావాలి, నల్లవాడైనా కావాలి. చామనఛాయ వాళ్ళకూ పసుపు ఛాయ వాళ్ళకూ ఆ చట్టంలో చోటే లేకుండా పోయింది. 1882లో చైనా కూలీలను ఏకంగా రావద్దన్నారు. అంత పగ నడుస్తున్న కాలంలో కూడా 1898లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనీయులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, పుట్టుకతో తాను అమెరికా పౌరుణ్ణేనని గెలిచి వచ్చాడు. ఈ వంటవాడి పేరు గుర్తుంచుకోవలసినది. 2025లో మళ్ళీ అతని కేసే దిక్కయింది.

తెలుగువాళ్ళు ఈ కథలోకి 1912లో వస్తారు. కనిగిరి నుంచి దర్శి చెంచయ్య చదువుకోసం ఆ ఏడాది ఓడెక్కి కాలిఫోర్నియా చేరాడు. అప్పటికి అయిదేళ్ళ కిందటే, 1907 సెప్టెంబరులో, వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్ పట్నంలో కోత మిల్లుల్లో పనిచేసే పంజాబీ కూలీలను తెల్ల గుంపులు కొట్టి, ఊరు దాటించి తరిమాయి. వాళ్ళను అక్కడ అందరూ ‘హిందువులు’ అనేవారు, నిజానికి వాళ్ళలో ఎక్కువమంది సిక్కులు. బర్క్‌లీలో చదివే కుర్రాళ్ళకూ పొలాల్లో పనిచేసే ఆ కూలీలకూ మధ్య భాష వేరు, తిండి వేరు, కానీ ఇద్దరినీ అవమానించే నోరు ఒకటే. ఇంటిదగ్గర స్వరాజ్యం లేనివాడికి పరాయి గడ్డ మీద గౌరవం ఎవడిస్తాడన్న కోపంలోంచి 1913లో గదర్ పార్టీ పుట్టింది. చెంచయ్య అందులో చేరాడు. చదువు వదిలి దేశ విముక్తి కోసం బయల్దేరి, సయాంలో పట్టుబడి, ఏళ్ళ తరబడి జైళ్ళలో మగ్గాడు. తర్వాతి రోజుల్లో సంఘసంస్కరణలో మునిగి, తన జీవితాన్ని ‘నేనూ నా దేశం’ అన్న పుస్తకంగా రాసిపెట్టాడు. అమెరికా వెళ్ళిన తొలితరం తెలుగువాళ్ళలో ఒకడు అక్కడ నేర్చుకుని వచ్చినది తిరుగుబాటు అని మనం అరుదుగా చెప్పుకుంటాం. మన అమెరికా కథలను డాక్టర్ల దగ్గర మొదలుపెట్టడం మనకు అలవాటైపోయింది.

1917లో అమెరికా కాంగ్రెసు ఆసియా పటం మీద గీత గీసి, దాని లోపలి దేశాలవాళ్ళు వలస రాకూడదంది. ఇండియా ఆ గీత లోపలే పడింది. విద్యార్థులకు మాత్రం సందు ఉంచారు. అప్పటికే వచ్చి ఉన్నవాళ్ళు పౌరులు కావచ్చునా అన్న తగవు 1923 ఫిబ్రవరి 19న తేలింది. భగత్‌సింగ్ తింద్ పంజాబీ సిక్కు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో చేరినవాడు. పౌరసత్వం ఇచ్చారు, నాలుగు రోజుల్లో లాక్కున్నారు, అతను మరో కోర్టులో మళ్ళీ సంపాదించుకున్నాడు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అక్కడ తింద్ పక్షాన వినిపించిన వాదన ఇవాళ చదివితే మనసు చివుక్కుమంటుంది. తాము ఆర్యజాతివాళ్ళమని, అగ్రకులంవాళ్ళమని, కింది కులాలతో పెళ్ళి సంబంధాలు కలుపుకోమని, కాబట్టి తెల్లవాళ్ళ లెక్కలోకే వస్తామని వాదించారు. రంగును బట్టి మనుషులను వేరుచేయడం తప్పని అనలేదు, తమను పై మెట్టు మీద నిలబెట్టమన్నారు. జస్టిస్ జార్జ్ సదర్లాండ్ ఒప్పుకోలేదు. శాస్త్రాలు ఏమన్నా సరే, వీధిలో మామూలు మనిషి ఎవరిని తెల్లవాడంటాడో వాడే తెల్లవాడని ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. అంతకు మూడు నెలల ముందే జపనీయుడు ఒజావా కేసులో అదే కోర్టు, ఒంటి రంగు తెల్లగా ఉన్నంత మాత్రాన చాలదు, జాతి శాస్త్రం ప్రకారం తెల్లవాడు కావాలని చెప్పి ఉంది. ఒకరికి శాస్త్రం అడ్డుపెట్టారు, ఇంకొకరికి వీధి మాట అడ్డుపెట్టారు.

ఆ తీర్పు వెనకటి రోజుల మీద కూడా పనిచేసింది. అప్పటికే పౌరులైన భారతీయుల్లో యాభైమందికి పైగా పౌరసత్వం పోగొట్టుకున్నారు. పౌరుడు కాలేనివాడు భూమి కొనరాదన్న చట్టం కాలిఫోర్నియాలో ఉండేది కనుక పౌరసత్వంతో పాటే పొలమూ దుకాణమూ చేజారాయి. పౌరసత్వానికి అర్హుడు కాని మగవాణ్ణి పెళ్ళాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వాన్నీ వదులుకోవలసిన రోజులవి. విప్లవకారుడు తారక్‌నాథ్ దాస్ భార్య మేరీకి అదే జరిగింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడుపుకునే వైష్ణోదాస్ బగాయ్ పౌరసత్వం పోయి, ఇండియాకు పోదామంటే అమెరికా పాస్‌పోర్టూ ఇవ్వక, 1928లో ప్రాణం తీసుకున్నాడు. లాయరు సఖారాం గణేశ్ పండిట్ ఒక్కడు మాత్రం, ఒకసారి కోర్టు ఇచ్చినదాన్ని ఇంకో కోర్టు వెనక్కి లాక్కోరాదన్న సూత్రం పట్టుకుని గెలిచాడు. వాదనలో పట్టు తెలిసినవాడు నిలబడ్డాడు, దుకాణదారు కూలిపోయాడు. న్యాయం అందడమనేది డబ్బు, చదువు, లాయరు మీద ఎంత ఆధారపడుతుందో ఈ ఇద్దరి జీవితాలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, తింద్ తీర్పు వచ్చిన ఏడాదే అక్టోబరు 26న బోస్టన్‌లో ఓడ దిగాడు. విద్యార్థుల సందులోంచే వచ్చాడు. ఆసుపత్రిలో రాత్రిపూట చాకిరీ చేసి హార్వర్డ్‌లో పరిశోధన చేశాడు. 1925లో అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టాడు. తర్వాత కండరాల శక్తి ఎక్కడ నిలవ ఉంటుందో చూపించాడు. హార్వర్డ్ అతనికి శాశ్వత కొలువు ఇవ్వలేదు. 1940లో పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళాడు. ఆ తర్వాతి ఎనిమిదేళ్ళలో అక్కడినుంచి ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందు, రక్తక్యాన్సర్ పిల్లల మీద డాక్టర్ సిడ్నీ ఫార్బర్ తొలిసారి వాడి చూసిన మందు, ఆరియోమైసిన్ వచ్చాయి. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, తమ కళ్ళ ముందే మింగమని ఇచ్చే బోదకాలు మాత్ర ఆయన ప్రయోగశాలలోంచి వచ్చినదే. కీళ్ళవాతానికి మన వీధి మందుల దుకాణంలో దొరికే మెథోట్రెక్సేట్‌దీ అదే వంశం. ఇంత చేసిన మనిషి ఆ దేశంలో గడిపిన ఇరవై అయిదేళ్ళలో దాదాపు ఇరవై మూడేళ్ళు, అడిగినా పౌరసత్వం దొరకని జాతివాడిగానే చట్టం లెక్కలో ఉన్నాడు. తలుపు తెరుచుకున్న రెండేళ్ళకు, 1948 ఆగస్టులో, పౌరుడు కాకుండానే కన్నుమూశాడు.

ఆ తలుపు తెరిచినది 1946 జులై 2న ట్రూమన్ సంతకం చేసిన లూస్-సెల్లర్ చట్టం. యుద్ధకాలపు రాజకీయం దానికి తోడ్పడింది. హిట్లర్ జాతి సిద్ధాంతం మీద పోరాడుతూ ఇంట్లో అదే సిద్ధాంతాన్ని పెట్టుకోవడం ఎబ్బెట్టుగా కనిపించింది. భారతీయులు పౌరులు కావచ్చునన్నారు. వలసకు మాత్రం ఏడాదికి నూరుమంది అన్నారు. విభజన జరగని నలభై కోట్ల దేశానికి నూరు! అయినా ఆ సందులోంచి దలీప్‌సింగ్ సౌంద్ 1949లో పౌరుడై, 1956లో కాలిఫోర్నియా నుంచి కాంగ్రెసుకు ఎన్నికయ్యాడు. 1952 చట్టం పౌరసత్వానికి జాతి అడ్డు పూర్తిగా తీసేసింది కానీ దేశాలవారీ కోటాలను అలాగే ఉంచింది.

అసలు మలుపు 1965. అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పకుండా ముందుకు పోకూడదు. మాంట్‌గోమరీలో బస్సులెక్కకుండా ఏడాదికి పైగా నడిచినవాళ్ళు, బర్మింగ్‌హామ్‌లో పోలీసు కుక్కల ముందు నిలబడ్డ పిల్లలు, సెల్మా వంతెన మీద లాఠీలు తిన్నవాళ్ళు 1964 పౌరహక్కుల చట్టాన్నీ 1965 ఓటుహక్కు చట్టాన్నీ సాధించారు. జాతిని బట్టి ఓటు, బడి, హోటలు వేరుచేయరాదని ఒప్పుకున్న దేశం, జాతిని బట్టి వలసను వేరుచేయడాన్ని ఇక సమర్థించుకోలేకపోయింది. 1965 అక్టోబరు 3న స్వేచ్ఛాదేవి విగ్రహం పాదాల దగ్గర జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం పాత కోటాలను రద్దుచేసి, తూర్పు అర్ధగోళంలో దేశానికి ఏడాదికి ఇరవైవేల దాకా ఇస్తామంది. చదువూ నైపుణ్యమూ ఉన్నవాళ్ళకు దారి పడింది. ఉస్మానియా, ఆంధ్ర, గుంటూరు వైద్య కళాశాలల పట్టాలు పట్టుకుని మనవాళ్ళు వెళ్ళింది ఆ దారినే. 1977లో న్యూయార్క్‌లో తెలుగువాళ్ళు తొలి మహాసభ జరుపుకునే నాటికి వాళ్ళకు ఇళ్ళు, ఆసుపత్రులు, సంఘాలు ఏర్పడ్డాయి. తామంతా మార్కుల వల్ల, కష్టం వల్ల పైకి వచ్చామని ఆ సభల సావనీర్లలో ఎన్నోసార్లు రాసుకున్నారు. కష్టం నిజమే. సెల్మా మాత్రం ఆ సావనీర్లలో కనబడేది తక్కువ.

ఆ డాక్టర్లు విమానాలెక్కుతున్న రోజుల్లోనే, చిల్కానగర్‌కు కూతవేటు దూరంలో ఉస్మానియా క్యాంపస్ ‘స్థానికుడెవరు’ అన్న ప్రశ్న మీద భగభగమంటోంది. నిజాం 1919 ఫర్మానాతో వచ్చిన ముల్కీ నిబంధనలు రాజ్యంలో కొలువు కావాలంటే పదిహేనేళ్ళ నివాసం అడిగేవి. 1952లో సిటీ కాలేజీ దగ్గర, 1969లో తెలంగాణ అంతటా దానికోసం పిల్లలు ప్రాణాలిచ్చారు. 1969 మార్చిలో మన సుప్రీంకోర్టు నివాస నియమం చెల్లదంది, 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయంది, 1973లో రాజ్యాంగంలో 371-డి అధికరణం చేర్చి రాజీ కుదిర్చారు. బయటివాడు వచ్చి మన కొలువు తన్నుకుపోతున్నాడన్న బాధ, దాంట్లోని న్యాయమూ, దాంట్లోంచి ఒక్కోసారి పుట్టే కసీ మనకు పరాయివి కావు. కాన్సస్‌లోనో మిషిగన్‌లోనో ఒక తెల్ల కార్మికుడు మన పిల్లల గురించి అదే మాట అన్నప్పుడు కోపంతో పాటు కొంత ఎరుక కూడా కలగడానికి ఈ ఊరి చరిత్ర చాలు. ఒక తేడా మాత్రం ఉంది. ఇక్కడ తగవు నివాసం మీద నడిచింది, నిలిచి ఉంటే పరాయివాడూ ముల్కీ కాగలిగేవాడు. అమెరికా వలస చట్టం ఒక విషయంలో మనిషి ఎంతకాలం ఉన్నా పట్టించుకోదు.

ఆ విషయం పుట్టిన దేశం. 1990 చట్టం హెచ్-వన్-బి వీసాను ఇప్పటి రూపంలో తెచ్చి, ఏడాదికి 65,000 అంది. 2000 సంవత్సరంలో కంప్యూటర్లు తడబడతాయన్న వైటూకే భయం, అమీర్‌పేట కోచింగు సెంటర్లు, ఊరికో ఇంజనీరింగు కాలేజీ కలిసి ఆ సంఖ్యలో పెద్ద వాటా మన జిల్లాలకు తెచ్చాయి. 2001 నుంచి మూడేళ్ళపాటు అది 1,95,000కు పెరిగింది, 2004లో మళ్ళీ కిందికి దిగింది. వీసా ఇంటర్వ్యూకు చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్ళే బాధ 2008 అక్టోబరులో బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేటు తెరిచాక తీరింది. ఇప్పుడది నానక్‌రామ్‌గూడలో ఉంది. అయితే అదే 1990 చట్టం, శాశ్వత నివాసానికి ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి 1,40,000 అనీ, ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకూ అందులో ఏడు శాతం మించరాదనీ కట్టడి పెట్టింది. మనవాళ్ళు ఎక్కువగా నిలబడే రెండో కేటగిరీలో ఏడాదికి సుమారు నలభైవేల కార్డులు. అందులో ఏడు శాతం అంటే 2,800. మిగతా దేశాలు వాడుకోకుండా మిగిలితేనే ఆ పైన దొరికేది. వరసలో ఉన్న భారతీయులు, వాళ్ళ కుటుంబాలతో కలిపి, పది లక్షలు దాటారు. ఇప్పుడు కొత్తగా చేరినవాడికి నూరేళ్ళు దాటుతుందని లెక్కగట్టినవాళ్ళున్నారు.

ఆ నియమం ఎంత విచిత్రంగా పనిచేస్తుందో ఒక ఉదాహరణ చాలు. ఒకే కంపెనీలో, ఒకే హోదాలో, ఒకే జీతానికి ఇద్దరు తెలుగు కుర్రాళ్ళు చేరారనుకోండి. ఇద్దరివీ భారత పాస్‌పోర్టులే. ఒకడు ఉప్పల్‌లో పుట్టాడు, ఇంకొకడు తండ్రి కొలువు చేస్తున్న రోజుల్లో కువైట్‌లో పుట్టాడు. కువైట్ తన గడ్డ మీద పుట్టినవాడికి పౌరసత్వం ఇవ్వదు, అయినా అమెరికా చట్టం అతణ్ణి కువైట్ వాటాలోనే లెక్కిస్తుంది. అతనికి రెండు మూడేళ్ళలో కార్డు వస్తుంది. ఉప్పల్‌లో పుట్టినవాడు బయటపడడానికి ఒక దారి ఉంది, కువైట్‌లో పుట్టిన అమ్మాయిని పెళ్ళాడితే ఆమె వాటా అతనికీ వర్తిస్తుంది. మన పెళ్ళి సంబంధాల బయోడేటాల్లో పుట్టిన ఊరు గడి మీద కొందరి కళ్ళు ఆగడానికి జాతక చక్రం ఒక్కటే కారణం కాదు. 1790లో చర్మం రంగు అడిగిన చట్టం ఇప్పుడు పుట్టిన చోటు అడుగుతోంది. రెండూ మనిషి ఎంచుకున్నవి కావు, రెండూ మార్చుకోగలిగినవి కావు. కార్డు చేతిలో ఉన్నంత మాత్రాన ఇల్లు కుదురుకోదని తొంభైల్లోనే తెలిసినవాడు, తర్వాత మైక్రోసాఫ్ట్ అధిపతి అయిన సత్య నాదెళ్ళ. గ్రీన్‌కార్డు ఉన్నవాడి భార్య ఏళ్ళకొద్దీ వరసలో ఆగాలి, హెచ్-వన్ ఉన్నవాడి భార్య వెంటనే రావచ్చు. అందుకని ఆయన 1994లో తన గ్రీన్‌కార్డును ఢిల్లీ రాయబార కార్యాలయంలో తిరిగి ఇచ్చేశాడు.

వరస పెరిగేకొద్దీ దాని చుట్టూ మోసాలు అల్లుకున్నాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం మీద దాడి జరిగింది. చదువు చెప్పకుండా వీసా కాగితాలమ్మిన ఆ సంస్థలో పదిహేను వందలమందికి పైగా విద్యార్థులుంటే, వాళ్ళలో దాదాపు అందరూ మన దేశంవాళ్ళే, అందులోనూ తెలుగువాళ్ళే మెండు. కొందరి చీలమండలకు జాడ చెప్పే పరికరాలు బిగించారు. మన పత్రికలు దాన్ని రేడియో కాలర్ అన్నాయి. ఆ ఫొటో చూసి ఇక్కడ ఎంతోమంది తల్లులు అన్నం ముట్టలేదు. నడిపిన సూసన్ సూకు 2014లో పదహారేళ్ళకు పైగా శిక్ష పడింది. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయం కథ ఇంకా విడ్డూరం. ఆ బోర్డు పెట్టినదే అమెరికా ప్రభుత్వ వలస విభాగం. మాస్టర్లు లేరు, తరగతులు లేవు, ఫీజు మాత్రం వసూలు చేశారు, చేరినవాళ్ళను పట్టుకున్నారు. విద్యార్థులను చేర్చినందుకు ఎనిమిదిమంది దళారుల మీద డెట్రాయిట్‌లో కేసు పెడితే వాళ్ళంతా మనవాళ్ళే. తరగతులు లేని చోట ఎందుకు చేరారన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసిన విద్యార్థులున్నారు, నిజమే. ఫీజు తీసుకుని చదువు చెప్పని ప్రభుత్వం సంగతేమిటని కొందరు దావా వేస్తే కింది కోర్టు కొట్టేసింది, 2024లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని విచారించవలసిందేనని తిప్పి పంపింది. వలవేసిన సర్కారునే కోర్టుకు ఈడ్చే వీలు ఆ వ్యవస్థలో ఉందన్నది కూడా ఈ కథలో భాగమే.

2017 ఫిబ్రవరి 22 రాత్రి సంగతి హైదరాబాదు మరిచిపోయేది కాదు. కాన్సస్‌లోని ఒలేతలో, గార్మిన్ కంపెనీ ఇంజనీర్లు కూచిభొట్ల శ్రీనివాస్, మాదసాని అలోక్ పని ముగించుకుని ఆస్టిన్స్ బార్‌లో కూర్చున్నారు. ఆడమ్ ప్యూరింటన్ అనేవాడు వచ్చి వాళ్ళ వీసా సంగతి అడిగి, తమ దేశం విడిచి పొమ్మని అరిచాడు. గెంటేస్తే వెళ్ళి తుపాకితో తిరిగొచ్చాడు. శ్రీనివాస్ చనిపోయాడు, అలోక్ గాయపడ్డాడు, అడ్డుపడ్డ ఇయాన్ గ్రిలట్ అనే తెల్ల యువకుడికీ తూటా దిగింది. రాష్ట్ర కోర్టు 2018 మేలో యావజ్జీవం వేసింది. ఆగస్టులో ఫెడరల్ కోర్టు జాతి ద్వేషపు నేరానికి ఒకదాని తర్వాత ఒకటిగా మూడు యావజ్జీవాలు వేసింది. ఆ ద్వేషపు నేరాల చట్టాలు కూడా నల్లవాళ్ళ హత్యల నుంచి పుట్టినవే. న్యాయం ఇంత గట్టిగా జరిగిన కేసులు ఆ దేశంలో అరుదు. కానీ భర్త అంత్యక్రియలకు హైదరాబాదు వచ్చిన సునయన దుమాలకు తిరిగి వెళ్ళే హక్కు లేకుండా పోయింది. ఆమె అక్కడ ఉండడానికి అనుమతి భర్త వీసా మీద ఆధారపడినది. అతను పోగానే అదీ పోయింది. చంపినవాణ్ణి శిక్షించిన వ్యవస్థకు, చనిపోయినవాడి భార్యను అక్కడ ఉండనివ్వడానికి నియమం దొరకలేదు. స్థానిక కాంగ్రెసు సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకుని తాత్కాలిక అనుమతి ఇప్పించాడు. ఒక పెద్దమనిషి దయ వల్ల జరిగిన పని అది. అటువంటి పెద్దమనిషి దొరకని విధవలు ఏం చేశారో పత్రికలకెక్కలేదు.

సియాటిల్‌లో 2023 జనవరి 23న ఆదోని అమ్మాయి కందుల జాహ్నవి రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్ది చంపింది. ఇరవై అయిదు మైళ్ళ వేగం దాటకూడని వీధిలో ఆ కారు ఒక దశలో డెబ్భై నాలుగు మైళ్ళ వేగంతో పోయింది. తర్వాత ఇంకో పోలీసు అధికారి ఫోనులో నవ్వుతూ, ఆమె విలువ అంతంతేనని, పదకొండువేల డాలర్ల చెక్కు రాస్తే సరిపోతుందని అన్న మాటలు అతని ఒంటిమీది కెమెరాలోనే రికార్డయ్యాయి. కారు నడిపినవాడి మీద నేరం రుజువు చేయలేమని 2024 ఫిబ్రవరిలో ప్రాసిక్యూటర్ తేల్చింది. అయిదువేల డాలర్ల ట్రాఫిక్ జరిమానా పడింది. నవ్వినవాడు 2024 జులైలో, నడిపినవాడు 2025 జనవరిలో కొలువు పోగొట్టుకున్నారు. ఒలేతలో తుపాకి పట్టినవాడు మామూలు మనిషి, ఇక్కడ స్టీరింగు పట్టినవాడు పోలీసు. నల్లవాళ్ళు తరతరాలుగా చెబుతూ వచ్చిన ఈ తేడా మన పత్రికల మొదటి పేజీకి ఆ రోజు వచ్చింది.

జాహ్నవి పోయి నెల తిరగకముందే, ఫిబ్రవరి 21న, అదే సియాటిల్ నగరసభ కులవివక్షను నిషేధించింది. అమెరికాలో అలా చేసిన తొలి నగరం అదే. అంతకుముందు 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం సిస్కో కంపెనీ మీద, ఒక దళిత ఇంజనీరును అగ్రకుల అధికారులు చిన్నచూపు చూశారని దావా వేసింది. ఆ అధికారుల మీది ఆరోపణలను 2023లో ఉపసంహరించుకున్నారు, కంపెనీ మీది కేసు సాగింది. రాష్ట్రమంతటికీ వర్తించే బిల్లును అదే ఏడాది గవర్నర్ న్యూసమ్ వీటో చేశాడు. న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేస్తూ గిడ్ల సుజాత 2017లో తన కుటుంబ కథను ఇంగ్లీషు పుస్తకంగా అచ్చువేసినప్పుడు, పరువు తీసిందని మూతి ముడుచుకున్నవాళ్ళు మన సంఘాల్లో లేకపోలేదు. తింద్ కేసులో అగ్రకులం పేరు చెప్పి తెల్లరంగు అడిగినవాళ్ళు పోయి నూరేళ్ళయింది. సామాను మాత్రం ఇంకా చెకిన్ అవుతూనే ఉంది. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు హార్వర్డ్ కేసులో ప్రవేశాలకు జాతిని లెక్కలోకి తీసుకోరాదన్నప్పుడు సంబరపడ్డ మన తల్లిదండ్రులను నేను తప్పుపట్టను, ఎవరి పిల్లలు వాళ్ళకు ముద్దు. కాకపోతే తమ గ్రీన్‌కార్డు ఏ ఉద్యమం పుణ్యమో ఆ ఉద్యమం సంతానానికి ఒక దారి మూసుకుందని తెలిసి సంబరపడితే బాగుండేది.

ఇదంతా అన్యాయాల చిట్టాగా చదువుకుంటే సగం చరిత్రే అవుతుంది. హైదరాబాదులో పుట్టి ఏడేళ్ళ వయసులో వెళ్ళిన కాట్రగడ్డ అరుణ, ఇప్పటి అరుణ మిల్లర్, 2023 జనవరిలో మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నరుగా భగవద్గీత మీద ప్రమాణం చేసింది. ఇదే నగరంలో పుట్టిన గజాలా హాష్మీ 2025 నవంబరులో వర్జీనియాకు అదే పదవికి ఎన్నికైంది. నల్లవాడికీ తెల్లవాడికీ పెళ్ళి చెల్లదని 1967 దాకా శాసించిన రాష్ట్రం అది! విజయవాడ నుంచి వచ్చి మన పక్కనున్న ఉస్మానియాలో డిగ్రీ చదివిన బాడిగ జయ 2024లో శాక్రమెంటోలో సుపీరియర్ కోర్టు జడ్జి అయింది, ప్రమాణస్వీకారం నాడు తెలుగులోనూ మాట్లాడింది. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి దగ్గర క్లర్కుగా పనిచేసిన చిలుకూరి ఉష 2025 జనవరి 20న ఉపాధ్యక్షుడి భార్యగా ప్రమాణస్వీకార వేదిక మీద నిలబడింది. సుబ్బారావును పౌరుడిగా ఒప్పుకోని చట్టానికీ వీళ్ళకూ మధ్య ఒక మనిషి జీవితకాలం కంటే ఎక్కువ దూరం లేదు.

అదే జనవరి 20న, ఆ వేదిక దిగిన గంటల్లోనే, అధ్యక్షుడు ట్రంప్ పుట్టుకతో వచ్చే పౌరసత్వాన్ని కుదించే ఉత్తర్వు మీద సంతకం చేశాడు. అనుమతి లేకుండా ఉన్నవాళ్ళ పిల్లలకే కాక, హెచ్-వన్, విద్యార్థుల ఎఫ్-వన్ వీసాల మీద చట్టబద్ధంగా ఉన్నవాళ్ళ పిల్లలకు కూడా, తల్లిదండ్రుల్లో ఒక్కరైనా పౌరులో గ్రీన్‌కార్డుదారులో కాకపోతే, పౌరసత్వం లేదన్నది దాని సారం. ఫిబ్రవరి 20 గడువుకు ముందే కాన్పు చేయించుకోవాలని మన జంటలు డాక్టర్లను బతిమాలుకున్నట్టు వార్తలొచ్చాయి. మూడు రోజుల్లో సియాటిల్‌లో జడ్జి జాన్ కాఫనౌర్ ఆ ఉత్తర్వు రాజ్యాంగానికి బాహాటంగా విరుద్ధమని ఆపేశాడు. ఆయనను నియమించినది రీగన్. జూన్‌లో సుప్రీంకోర్టు, ఒక్క జడ్జి దేశమంతటికీ వర్తించేలా ఆపడం కుదరదని మాత్రమే చెప్పింది. జులైలో న్యూహాంప్‌షైర్‌లో జడ్జి లప్లాంట్ పిల్లలందరినీ ఒక వర్గంగా కట్టి మళ్ళీ ఆపాడు. ఆ కేసును డిసెంబరు 5న సుప్రీంకోర్టు విచారణకు స్వీకరించింది. వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడి తీర్పును ఎలా చదవాలన్నదే అందులోని తగవంతా.

గ్రీన్‌కార్డు వరసలో నిలబడ్డ ఇంట్లో ఆ తగవుకు ఇంకో లెక్క ఉంది. అక్కడ పుట్టిన పిల్లవాడు పౌరుడైతే, ఇరవై ఒకటి నిండగానే తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ దరఖాస్తుకు దేశాలవారీ ఏడు శాతం కట్టడి వర్తించదు. ఈ ఏడాది వరసలో చేరిన ఇంజనీరుకు తన ఉద్యోగం మీద కార్డు రావడానికి పట్టే కాలం కంటే, ఇవాళ పుట్టిన బిడ్డకు ఇరవై ఒకటి రావడానికి పట్టే కాలమే తక్కువ.